దక్షిణం ఎవరికి మంచిది?
ఇంటి నిర్మాణంలో ఫెంగ్‌షుయ్: చరిత్ర, శాఖలు, తేలని వాదాలు

2024 ఫిబ్రవరి 4న ఫెంగ్‌షుయ్ సిద్ధాంతుల లెక్కలో ఇరవయ్యేళ్ల కాలం ఒకటి ముగిసి మరొకటి మొదలైంది. ఎనిమిదో దశ పోయి తొమ్మిదో దశ వచ్చింది. ఇది 2044 దాకా ఉంటుంది. హాంకాంగ్, సింగపూర్, కౌలాలంపూర్ నగరాల్లో ఈ లెక్కను నమ్మేవారి ఇళ్లలో అప్పటి నుంచి ఒక ప్రశ్న నలుగుతోంది. ఎనిమిదో దశలో కట్టిన ఇల్లు ఇప్పటికీ ఆ దశకే చెందుతుందా, కొత్త దశలోకి మార్చుకోవచ్చా? పైకప్పు విప్పి, ఆకాశం కనబడనిచ్చి, మళ్లీ కప్పు వేస్తే ఇల్లు కొత్త దశలోకి వస్తుందని కొందరు సిద్ధాంతులు చెబుతారు. అపార్ట్‌మెంట్‌లో కప్పు విప్పే వీలెక్కడిది, నేల పలకలూ ద్వారమూ మారిస్తే చాలని ఇంకొందరు అంటారు. ఇల్లు కట్టిన నాటి జాతకమే చివరి దాకా నిలుస్తుందన్నది మూడో వర్గం మాట. గృహప్రవేశం నాటిదే అసలు లెక్క అన్నది నాలుగోది.

ఈ నాలుగు జవాబుల్లో దేన్ని నమ్మారన్న దాన్ని బట్టి ఇంటి యజమానికి అయ్యే ఖర్చు సున్నా నుంచి లక్షల దాకా మారుతుంది. అందుకే ఫెంగ్‌షుయ్ మీద చర్చను నమ్మకమా, మూఢనమ్మకమా అన్న ఒక్క ప్రశ్నతో ముగించడం కుదరదు. ఆ పేరు కింద వేర్వేరు కాలాల్లో పుట్టిన, వేర్వేరు అవసరాలకు ఏర్పడిన విద్యలు కలిసిపోయాయి. కొండ, నీరు, గాలి, వెలుతురు చూసి స్థలం ఎంచుకునే అనుభవం అందులో ఉంది. పుట్టిన సంవత్సరాన్ని బట్టి మంచం ఎటు తిప్పాలో చెప్పే గణితమూ ఉంది. బజారులో దొరికే బొమ్మలూ అదే పేరుతో అమ్ముడవుతున్నాయి. వీటిని విడదీసి చూడకపోవడం వల్లే సమర్థకులూ విమర్శకులూ ఒకరి మాట ఒకరికి తగలకుండా వాదించుకుంటున్నారు.

సమాధుల దగ్గర మొదలైన విద్య

1987లో చైనాలోని హెనాన్ రాష్ట్రం పుయాంగ్ దగ్గర తవ్వకాల్లో సుమారు 6000 ఏళ్ల నాటి సమాధి బయటపడింది. అస్థిపంజరానికి తూర్పున ఆల్చిప్పలతో పేర్చిన డ్రాగన్, పడమట పులి. తర్వాతి కాలంలో ఫెంగ్‌షుయ్‌లో తూర్పుకు నీలి డ్రాగన్, పడమరకు తెల్ల పులి అని స్థిరపడిన గుర్తులు ఇవే. ఆ సమాధిని ఫెంగ్‌షుయ్‌కు తొలి రుజువుగా చూపడం అతిశయం. అయితే దిక్కులను జంతువులతో ముడిపెట్టే అలవాటు ఎంత పాతదో అది చూపుతుంది.

ఈ విద్యకు మూలగ్రంథంగా చెప్పే ‘జాంగ్ షు’ కూడా ఖననం గురించిన పుస్తకమే. దాన్ని క్రీ.శ. 276–324 మధ్య జీవించిన గువో పు పేరిట చెబుతారు. ఆ పుస్తకం ఆయన తర్వాత చాలా కాలానికి రూపుదిద్దుకుందన్న అనుమానం పండితుల్లో బలంగా ఉంది. అందులోని మూల భావన సరళమైనది. ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుంది, నీటి దగ్గర ఆగుతుంది. కాబట్టి గాలి నుంచి చాటు ఉండి, ముందు నీరున్న చోట పెద్దలను పాతిపెడితే ఆ మేలు వారసులకు అందుతుంది. మృతుల నివాసానికి చెప్పిన ఈ సూత్రాలే బతికున్నవారి నివాసానికీ వచ్చాయి. ఇంటి అలంకరణ పుస్తకాల్లో ఈ చరిత్ర దాదాపు కనబడదు. దక్షిణ చైనా పల్లెల్లో మాత్రం ఫెంగ్‌షుయ్ తగాదా అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది సమాధి స్థలమే.

సాంగ్ వంశ కాలానికి రెండు ప్రధాన ధోరణులు స్పష్టమయ్యాయి. జియాంగ్‌షీ ప్రాంతం వారు కొండల వాలు, ఏటి వంపు చూశారు. ఫుజియాన్ వారు అయస్కాంత సూదినీ దాని చుట్టూ గీసిన వలయాల లెక్కనూ నమ్ముకున్నారు. ఆ కాలపు పండితుడు షెన్ కువో 1088 ప్రాంతంలో రాసిన గ్రంథంలో సూది నిక్కచ్చిగా దక్షిణం చూపదని, కాస్త తూర్పుకు ఒరుగుతుందని నమోదు చేశాడు. అయస్కాంత దిక్సూచి నావికుల చేతికి రాకముందు స్థల పరీక్షకుల చేతిలోనే ఎదిగిందని చైనా విజ్ఞాన చరిత్రకారుడు జోసెఫ్ నీడమ్ వాదించాడు. ఫెంగ్‌షుయ్‌ను పూర్తిగా కొట్టిపారేసేవారు ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి.

పడమటి దేశాలవారి పరిచయం గొడవతోనే మొదలైంది. 19వ శతాబ్దంలో టెలిగ్రాఫ్ స్తంభాలు పాతబోతే, రైలు పట్టాలు వేయబోతే భూమిలోని డ్రాగన్ నాడులు తెగుతాయని ఊళ్లు అడ్డం తిరిగాయి. షాంఘై దగ్గర 1876లో నడిచిన వూసాంగ్ రైలుమార్గాన్ని మరుసటి ఏడే చింగ్ ప్రభుత్వం కొని పీకించింది. అందుకు రాజకీయ కారణాలు ప్రధానమే అయినా ఈ అభ్యంతరాలూ ఆ కాలపు చర్చలో వినిపించాయి. హాంకాంగ్‌లో ఉన్న జర్మన్ మిషనరీ ఎర్నెస్ట్ ఐటెల్ 1873లో ఫెంగ్‌షుయ్ మీద పుస్తకం రాశాడు. అందులో ఆయన దీన్ని చైనీయుల ప్రకృతి విజ్ఞానపు తొలి రూపంగా అర్థం చేసుకోబోయాడు. డచ్ పండితుడు డి గ్రూట్ 1897లో అంత సానుభూతి చూపలేదు. ఆయన దృష్టిలో ఇది విజ్ఞానం వేషం వేసుకున్న భ్రమ. నేటి వాదాలు ఈ రెండు వైఖరుల మధ్యనే ఇంకా ఊగుతున్నాయి.

1949 తర్వాత చైనా ప్రధాన భూభాగంలో ఫెంగ్‌షుయ్‌ను భూస్వామ్య మూఢనమ్మకమని అణిచివేశారు. సాంస్కృతిక విప్లవ కాలంలో దిక్సూచి పళ్లేలు, పాత పుస్తకాలు దాచుకోవడమే ప్రమాదమైంది. ఆ దశాబ్దాల్లో విద్య హాంకాంగ్, తైవాన్, సింగపూర్, మలేసియాల్లో బతికింది. అక్కడి నుంచే లోకమంతా తిరిగింది. చైనా విశ్వవిద్యాలయాల్లో మళ్లీ చోటు దొరికింది వాస్తుశిల్పుల ద్వారా. తియాన్‌జిన్ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ చీహెంగ్ 1992లో తెచ్చిన వ్యాస సంకలనం ఫెంగ్‌షుయ్‌ను పాత భవనాల రూపకల్పనను అర్థం చేసుకునే సాధనంగా చూసింది. 2005లో నాన్‌జింగ్‌లో నిర్మాణ రంగం వారికి ఫెంగ్‌షుయ్ శిక్షణ అన్న ప్రకటన రాగానే దుమారం రేగింది. చరిత్రగా చదవడం వేరు, వృత్తి నైపుణ్యంగా సర్టిఫికెట్ ఇవ్వడం వేరు అన్నది విమర్శకుల వాదన. ఆ తేడా న్యాయమైనదే.

ఒకే ఫ్లాటు, నాలుగు తీర్పులు

నేడు ఇంటి విషయంలో వినిపించే సలహాలన్నీ స్థూలంగా నాలుగు శాఖలవి.

భూరూప శాఖ ఇంటి బయట నుంచి మొదలుపెడుతుంది. వెనుక ఎత్తు, ముందు ఖాళీ, రెండు పక్కలా చేతుల్లా చుట్టిన గుట్టలు కోరుతుంది. నగరంలో వెనుక భవనం కొండ అవుతుంది, రోడ్డు ఏరవుతుంది. అష్టభవన శాఖ యజమాని పుట్టిన సంవత్సరాన్నీ స్త్రీయా పురుషుడా అన్నదాన్నీ బట్టి ఎనిమిది దిక్కుల్లో నాలుగు మంచివి, నాలుగు చెడ్డవి అని పంచుతుంది. ఎగిరే నక్షత్రాల శాఖ ఇల్లు కట్టిన కాలాన్నీ ముఖద్వారపు దిశనూ కలిపి తొమ్మిది గళ్ల పట్టం వేస్తుంది. పైన చెప్పిన ఇరవయ్యేళ్ల దశలు దీనివే. నాలుగోది బ్లాక్ హ్యాట్ శాఖ. లిన్ యున్ (1932–2010) అమెరికాలో దీన్ని ప్రచారం చేసి, 1986లో బర్క్‌లీలో ఆలయం స్థాపించాడు. దీనికి దిక్సూచి అక్కర్లేదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎడమవైపు దూరపు మూల సంపదది, అంతే.

ఒక ఉదాహరణ తీసుకుంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. పడమటి గుమ్మం ఉన్న ఫ్లాటు. భర్త 1980 నడిమిలో, భార్య 1985 నడిమిలో పుట్టారనుకుందాం. అష్టభవన లెక్కలో ఆయనది పడమటి వర్గం, పడమర ఆరోగ్యాన్నిచ్చే దిక్కు. ఆమెది తూర్పు వర్గం. అదే పడమర ఆమెకు చెడ్డ దిక్కుల్లో ఒకటి, పేరే ‘ఐదు దయ్యాలు’. ఒకే గుమ్మం ఒకరికి వైద్యుడు, మరొకరికి దయ్యం. ఇంటి పెద్ద లెక్కే చూడాలని పాత పుస్తకాల అనుయాయులు చెబుతారు. సంపాదించేవారి లెక్క అని ఇప్పటివారు సర్దుతారు. ఇద్దరూ సంపాదించే ఇంట్లో ఈ సర్దుబాటు నిలవదు.

సంపద మూల సంగతి చూడండి. బ్లాక్ హ్యాట్ ప్రకారం పడమటి గుమ్మంలోంచి లోపలికి చూస్తే ఎడమ దూరపు మూల ఈశాన్యం అవుతుంది. దిక్సూచి వాడే ప్రసిద్ధ పుస్తకాలు మాత్రం సంపదను ఎప్పుడూ ఆగ్నేయంలో పెడతాయి. అంటే అదే గదిలో కుడి దూరపు మూల. నక్షత్రాల శాఖవారు రెండూ తప్పంటారు. సంపద నక్షత్రం ఏ గడిలో పడిందో కట్టిన ఏడాదీ దిశా తెలిస్తే తప్ప చెప్పలేమంటారు. భూరూప శాఖవారు మూలల గొడవ పక్కనపెట్టి పడమటి ఎండ, ఎదుటి భవనం, వంటింట్లోకి గాలి గురించి అడుగుతారు. ఏవో రెండు శాఖల మధ్య చిన్న తేడా అయితే సర్దుకోవచ్చు. ఇక్కడ మూలకు మూలే ఎదురుతిరుగుతోంది.

కొలత దగ్గర ఇంకో కష్టం ఉంది. లువోపాన్ అనే దిక్సూచి పళ్లెంలో వలయాన్ని 24 భాగాలు చేశారు. ఒక్కోటి 15 డిగ్రీలు. ముఖం ఒక భాగం అంచున పడితే రెండు మూడు డిగ్రీల తేడాతో ఇంటి పట్టమంతా తలకిందులవుతుంది. కాంక్రీటులోని ఇనుప చువ్వలు, లిఫ్టు మోటార్లు, గ్యాలరీ గ్రిల్లు సూదిని లాగేస్తాయి. నిపుణులు పలుచోట్ల కొలిచి సరాసరి చూస్తారు. ఫోన్‌లోని దిక్సూచి పట్టుకుని హాల్లో ఒకసారి చూసి చెప్పే తీర్పుకు ఆ శాఖ లెక్కలోనే విలువ లేదు.

సూర్యుడు ఎటు నుంచి వస్తాడు

ఫెంగ్‌షుయ్‌లో గట్టి నేల మీద నిలబడే భాగం ఏదైనా ఉంటే అది దక్షిణ ముఖం. తెలుగు పాఠకులకు ఇదే వింతగా కూడా తోచేది. మన వైపు దక్షిణం యముడి దిక్కు. దక్షిణ సింహద్వారం ఉన్న ఫ్లాటంటే కొనేవాళ్లు వెనకాడతారు. చైనాలో చక్రవర్తి సింహాసనం దక్షిణం చూస్తుంది. 1406–1420 మధ్య బీజింగ్‌లో కట్టిన రాజప్రాసాదం నిషిద్ధ నగరం దక్షిణం చూస్తుంది. కందకం తవ్విన మట్టిని ఉత్తరాన పోసి జింగ్‌షాన్ గుట్ట లేపారు, దక్షిణాన బంగారు నీటి కాలువ పారించారు. కొండ లేని బీజింగ్ మైదానంలో వెనుక కొండ, ముందు నీరు అన్న సూత్రాన్ని అలా చేత్తో కట్టుకున్నారు.

బీజింగ్ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శీతాకాలంలో సైబీరియా నుంచి వచ్చే చలిగాలి వాయవ్యం నుంచి కోస్తుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దక్షిణాన దిగంతానికి 26 డిగ్రీల పైనే ఉంటాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలి గోడ దాకా పాకుతుంది. జూన్‌లో అదే సూర్యుడు 73 డిగ్రీల ఎత్తుకు వెళ్తాడు. చూరు కాస్త ముందుకుంటే చాలు, ఎండ గుమ్మం బయటే ఆగుతుంది. ఉత్తరపు గోడ మూసి, దక్షిణం తెరిచిన ముంగిలి చుట్టూ నాలుగు వైపులా గదులున్న ఇల్లు సిహెయువాన్ ఈ వాతావరణానికి చక్కని జవాబు. వీధి గుమ్మం ఆగ్నేయ మూలన, గుమ్మం దాటగానే అడ్డుగోడ, ఆపైన ముంగిలి. అడ్డుగోడ దుష్టశక్తిని ఆపుతుందని సిద్ధాంతి చెబుతాడు. వీధిలో పోయేవారి చూపునూ దుమ్మునూ ఆపుతుందని ఇల్లాలికి తెలుసు.

ఇప్పుడు ఇదే సూత్రాన్ని హైదరాబాదుకు తేవాలి. 17.4 డిగ్రీల అక్షాంశం. డిసెంబరులో కూడా మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఒరుగుతాడు. వెచ్చదనం కోసం దక్షిణం తెరవాల్సిన అవసరం ఇక్కడ లేదు. కాచుకోవలసింది మధ్యాహ్నం తర్వాత పడమటి, నైరుతి గోడల మీద పడే ఎండ నుంచి. వాస్తు నైరుతిని బరువుగా, మూసి ఉంచమంటుంది. ఈశాన్యాన్ని తెరిచి, పల్లంగా, నీటికి ఇమ్మంటుంది. పడమటి వేడిని మందపు గోడతో ఆపి పొద్దుటి ఎండను రానిచ్చే పని దీనివల్ల జరుగుతుంది. వాస్తు నియమాలన్నీ వాతావరణం నుంచే పుట్టాయని చెప్పడానికి ఇది చాలదు. దక్షిణం విషయంలో రెండు సంప్రదాయాలూ ఎదురెదురుగా నిలబడటానికి రెండు ఆకాశాలు ఒక కారణమని చెప్పడానికి చాలు.

ఈశాన్యం దగ్గర తేడా ఇంకా పదునుగా ఉంది. మన ఇళ్లలో ఈశాన్యం దేవుడి మూల. జపాన్‌లో చైనా పద్ధతిని అనుసరించిన సంప్రదాయం ప్రకారం ఈశాన్యం దయ్యాలు వచ్చే గుమ్మం. 794లో రాజధాని అయిన క్యోటోకు ఈశాన్యాన హియే కొండ మీది ఎన్‌ర్యాకు-జి ఆలయాన్ని ఆ దిక్కుకు కాపలాగా భావించారు. ఒకే ఫ్లాటుకు వాస్తు, ఫెంగ్‌షుయ్ రెండూ చూపించి రెండింటి మంచీ తీసుకుంటామనేవారు ఈశాన్యంలో ఏం పెట్టాలో ముందు తేల్చుకోవాలి.

సింగపూర్ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేదు. మధ్యాహ్న సూర్యుడు సుమారు ఆరు నెలలు ఉత్తరాన, ఆరు నెలలు దక్షిణాన ఉంటాడు. సిడ్నీలో ఏడాది పొడుగునా ఉత్తరానే. అక్కడి సిద్ధాంతులు రెండు వర్గాలుగా చీలిపోయారు. నిప్పు దక్షిణానిదన్న మూలసూత్రం సూర్యుణ్ని బట్టి వచ్చింది గనక దక్షిణార్ధగోళంలో పట్టాన్ని తిప్పాలని ఒక వర్గం వాదన. అయస్కాంత ధ్రువాలు మారలేదు గనక తిప్పకూడదని మరో వర్గం వాదన. సూత్రానికి కారణం సూర్యుడే అయితే మొదటివారిదే సబబు. కానీ అప్పుడు సింగపూర్‌లో పట్టమే నిలవదు.

హాంకాంగ్ ఆకాశహర్మ్యాలు, అమరావతి

నగర భవనాల్లో ఫెంగ్‌షుయ్ అనగానే అందరూ చెప్పేది హాంకాంగ్ ఉదాహరణే. నార్మన్ ఫోస్టర్ రూపొందించిన హెచ్‌ఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం 1985లో పూర్తయింది. రూపకల్పన తొలి దశలోనే ఫెంగ్‌షుయ్ సిద్ధాంతి సలహా తీసుకున్నారు. నేల అంతస్తును స్తంభాల మీద తెరిచి వదిలేశారు, ఎస్కలేటర్లను ఏటవాలుగా పెట్టారు. ముందున్న బహిరంగ స్థలం మీదుగా నౌకాశ్రయం వైపు చూపు సాగుతుంది. ఆ తెరిచిన నేల ఇప్పుడు ప్రజలు నడిచే దారి. ఆదివారాల్లో ఫిలిప్పీన్స్ పనివారు చేరి భోంచేసే చోటు. సిద్ధాంతి లెక్క ఏమైనా నగరానికి అది మేలే చేసింది.

పక్కనే ఐ.ఎం. పే రూపొందించిన బ్యాంక్ ఆఫ్ చైనా భవనం 1990లో తెరుచుకుంది. త్రికోణపు అంచులు కత్తుల్లా చుట్టుపక్కల భవనాల మీదికి చూస్తున్నాయని అప్పట్లో గగ్గోలు పుట్టింది. బయటికి కనబడే అడ్డదూలాలు గుణకారపు గుర్తుల్లా అశుభంగా ఉన్నాయన్న మాట రాగా, పే కొన్ని అడ్డగీతలను బయటికి కనబడకుండా చేసి ఆకారాలు వజ్రాల్లా కనిపించేలా మార్చాడు. ఆ మార్పుతో భవనం బలం మారలేదు, చూపు మారింది. 2005 సెప్టెంబరు 12న తెరిచిన హాంకాంగ్ డిస్నీల్యాండ్ సింహద్వారాన్ని 12 డిగ్రీలు తిప్పింది. అయినా మొదటి ఏడాది సందర్శకుల లక్ష్యం చేరలేదు. దీన్ని ఫెంగ్‌షుయ్ ఓటమి అనడం ఎంత తేలికో, హెచ్‌ఎస్‌బీసీ లాభాలను దాని గెలుపు అనడమూ అంతే తేలిక. రెండూ రుజువులు కావు.

ఫోస్టర్ సంస్థకు తెలుగువారితో ముడి ఉంది. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి ప్రభుత్వ సముదాయానికి ప్రణాళిక గీసింది ఆ సంస్థే. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన ఆ నగరం విషయంలోనూ వాస్తు మాట గట్టిగానే వినబడింది. హాంకాంగ్‌లో ఫెంగ్‌షుయ్‌ను మన్నించిన ఆకృతికర్తలే కృష్ణా తీరాన వాస్తును మన్నించారంటే, వారికి అది యజమాని కోరికల్లో ఒకటని అర్థమవుతుంది. పార్కింగ్ అడిగినట్టే ఇదీ అడిగారు, కుదిర్చారు. చాలామంది ఆర్కిటెక్టులు దేశమేదైనా ఇలాగే పనిచేస్తారు. దీన్ని నిపుణుల ఆమోదంగా ప్రచారం చేయడం తప్పు.

ఏది నిలబడింది, ఏది నిలబడలేదు

పరిశోధనల్లో మూడు రకాల ప్రశ్నలున్నాయి. వాటి బలమూ సమానంగా లేదు.

చుట్టూ ఉన్న ప్రకృతికీ మనిషి క్షేమానికీ సంబంధం గురించి సాక్ష్యం గట్టిది. రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో పెన్సిల్వేనియా ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మందిని పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు ఇటుక గోడ కనబడినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. భూగోళవేత్త జే ఆపిల్టన్ 1975లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషి తాను చాటున ఉండి, ముందు విశాలంగా కనబడే చోటును ఇష్టపడతాడు. వెనుక కొండ, ముందు ఖాళీ అన్న సూత్రానికి, గుమ్మం కనబడేలా వెనుక గోడ ఆనుకుని మంచం వేయమన్న సలహాకు ఇది దగ్గరగా ఉంది. అయితే ఇవన్నీ వెలుతురు, చూపు, భద్రత గురించిన ఫలితాలు. ప్రాణశక్తి గురించి వీటిలో ఏమీ లేదు.

హాంకాంగ్ న్యూ టెరిటరీస్ పల్లెల వెనుక ఉన్న ఫెంగ్‌షుయ్ తోపులు ప్రకృతి చేసే ఈ మేలుకు ప్రత్యక్ష సాక్ష్యం. ఊరికి వెనుక నెలవంకలా చెట్లు ఉండాలన్న నమ్మకంతో తరతరాలుగా గొడ్డలి వేయలేదు. చుట్టుపక్కల అడవులు పోయాక స్థానిక వృక్షజాతులకు ఇవే ఆశ్రయమయ్యాయి. వర్షపు మట్టి జారకుండా ఊరిని కాచాయి. నమ్మకం వల్ల కలిగిన మేలు నమ్మకం చెప్పే కారణం నుంచే రానక్కర్లేదు.

రెండోది మార్కెట్. వాంకూవర్ ఇళ్ల అమ్మకాలపై ఫోర్టిన్, హిల్, హ్వాంగ్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో చైనీయులు సగటుకన్నా ఎక్కువగా ఉన్న పేటల్లో ఇంటి నంబరు 4తో ముగిస్తే ధర 2.2 శాతం తగ్గింది, 8తో ముగిస్తే 2.5 శాతం పెరిగింది. అంకెల నమ్మకం ఫెంగ్‌షుయ్‌లో అసలు భాగమా కాదా అన్న వాదన పక్కనపెడితే, కొనేవారి నమ్మకాన్ని డబ్బుల్లో కొలవగలమని ఇది చూపింది. మన దగ్గర తూర్పు ముఖం, ఉత్తర ముఖం ఫ్లాట్లకు గిరాకీ ఎక్కువుండటం ఇదే కోవ. నమ్మని వ్యక్తి కూడా రేపు అమ్మాలంటే ఇతరుల నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

మూడోది దిక్కులు, నక్షత్రాల లెక్క మనుషుల ఆరోగ్యాన్నీ డబ్బునూ నడుపుతుందా అన్నది. ఇక్కడ నిలబడే సాక్ష్యం లేదు. శాఖల మధ్య పైన చూసిన విరుద్ధాలే ఆ లెక్కకు ప్రధాన అడ్డంకి. ఒకదాన్నొకటి కొట్టేసే రెండు నియమాలు ఒకేసారి నిజం కాలేవు. ఈ ఖాళీలోకే మోసం దూరుతుంది. హాంకాంగ్ స్థిరాస్తి సంపన్నురాలు నినా వాంగ్ 2007లో చనిపోయాక, ఆమెకు ఫెంగ్‌షుయ్ సలహాలిచ్చిన వ్యక్తి ఆస్తి తనకే రాసిందంటూ వీలునామా చూపాడు. 2010లో కోర్టు అది నకిలీ అని తేల్చింది. 2013లో అతనికి 12 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఇల్లు బాగుచేయించేటప్పుడు

కొత్త ఇంటికి స్థలం ఎంచుకునేవారికి భూరూప శాఖ చెప్పేవాటిలో చాలా భాగం మంచి సివిల్ ఇంజనీరూ చెబుతాడు. వాగు వంపు బయటి ఒడ్డున కట్టవద్దంటే, నీరు కోసేది ఆ ఒడ్డునే. వీధి నేరుగా వచ్చి ఇంటికి గుచ్చుకునే చోటు రెండు సంప్రదాయాల్లోనూ చెడ్డదే. మనం వీధిపోటు అంటాం, వినాయకుణ్ని నిలబెడతాం. దక్షిణ చైనాలో షిగాన్‌డాంగ్ అనే రాతిపలక పాతుతారు. రాత్రి హెడ్‌లైట్లు పడకగదిలో పడటం, అదుపుతప్పిన లారీ ప్రహరీకి తగలడం ఇద్దరికీ అనుభవమే.

ఉన్న ఇంటిని మార్చేటప్పుడు కథ వేరు. ఫెంగ్‌షుయ్‌లో పొయ్యికీ సింకుకూ నిప్పు-నీరు వైరం అంటారు, రెండింటి మధ్య ఖాళీ వదలమంటారు. వేడి నూనెలో నీళ్లు చిందకుండా, గిన్నె దించుకోవడానికి రెండడుగుల గట్టు ఉండటం ఏ వంటింటికైనా మంచిదే. పొయ్యి కిటికీ కింద వద్దంటారు. గాలికి మంట ఆరి గ్యాస్ లీకవడం నిజమైన ప్రమాదం. గుమ్మానికి ఎదురుగా మరుగుదొడ్డి తలుపు వద్దనడానికి వివరణే అక్కర్లేదు. మంచం మీదుగా దూలం వద్దన్నది మాత్రం కాస్త ఆలోచించాల్సింది. దూలం దాచడానికి ఫాల్స్ సీలింగ్ కడితే గది ఎత్తు తగ్గుతుంది, ఫ్యాను తల మీదికి వస్తుంది. మంచం రెండడుగులు జరిపితే పోయేదానికి ఆ ఖర్చు ఎందుకు?

గోడలు కదిపే సలహా దగ్గర గట్టిగా నిలబడాలి. హైదరాబాదులో ఇటీవలి ఎత్తైన అపార్ట్‌మెంట్లు చాలా వరకు మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడా స్లాబూ కలిపి పోసినవి. వాటిలో గోడలే భవనాన్ని మోస్తాయి. దిక్కు బాగాలేదని గుమ్మం రెండడుగులు పక్కకు కోస్తే అది ఒక్క ఫ్లాటు గొడవతో పోదు. పాత స్తంభాల భవనంలో ఇటుక గోడ తీయవచ్చు గానీ బాత్‌రూము జరిపితే పైపుల షాఫ్టుకు వాలు చాలక కింది ఇంటి కప్పులో చెమ్మ దిగుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా దిక్కుల కోసం సుత్తి ఎత్తనివ్వకూడదు. సిద్ధాంతులు కూడా ఈ మాట ముందే చెప్పే ఆనవాయితీ రావాలి.

బొమ్మల సంగతి క్లుప్తంగా చెబితే చాలు. తెలుగు పట్టణాల గిఫ్టు షాపుల్లో ఫెంగ్‌షుయ్ పేరుతో అమ్మే లాఫింగ్ బుద్ధ 10వ శతాబ్దపు బౌద్ధ సన్యాసి బుదాయ్ రూపం. లక్కీ బాంబూ వెదురే కాదు, మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా మొక్క. అష్టకోణపు బాగువా అద్దం సంప్రదాయం ప్రకారం ఇంటి బయట తగిలించేది. మన దగ్గర హాల్లో తగిలిస్తున్నారు. స్థలాన్ని చూసే పాత విద్యతో ఈ సరుకుకు ఉన్న బంధం చాలా పల్చన. ఇష్టపడి పెట్టుకుంటే అలంకారంగా పెట్టుకోవచ్చు. ఇంటి రోగానికి మందుగా కొనిపించడం మాత్రం కొనేవారికి అన్యాయం.

ఇంకా తేలనివి

అపార్ట్‌మెంట్‌కు ముఖం ఏది అన్న ప్రాథమిక ప్రశ్నకే ఈ శాఖల్లో ఏకాభిప్రాయం లేదు. భవనపు గేటా, లిఫ్టు ఎదుటి తలుపా, వెలుతురు వచ్చే బాల్కనీయా? ముంగిలి ఇంట్లో ఈ మూడూ ఒకే వైపు ఉండేవి గనక పాత గ్రంథాలకు ఈ సందేహమే రాలేదు. ముప్ఫయ్యో అంతస్తులో భూమి శక్తి అందుతుందా అన్నదీ అలాంటిదే. పాత పుస్తకంలో జవాబు వెతికే పద్ధతి ఇక్కడ ఆగిపోతుంది.

దీన్ని పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. ఒకే ఫ్లాటు ప్లానును, ఒకే దిశ కొలతను, ఒకే కుటుంబపు వివరాలను ఒకే శాఖకు చెందిన పదిమంది సిద్ధాంతులకు విడివిడిగా ఇచ్చి, వారు సూచించే మార్పులు ఎంతవరకు కలుస్తాయో చూడవచ్చు. ఒకే శాఖలోనే కలవకపోతే ఇంటి యజమాని ఆ శాఖ మాట మీద గోడ కదపనక్కర్లేదు. కలిస్తే అప్పుడు ఫలితాల గురించి మాట్లాడవచ్చు. ఆర్కిటెక్చర్ కళాశాలలు ఒక సెమిస్టర్‌లో చేయగల పని ఇది. వాస్తుకూ ఇదే పరీక్ష అక్షరాలా వర్తిస్తుంది. వాస్తు సలహా లేకుండా ప్లాను ఖరారు కాని హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లోని కళాశాలలకు ఇందుకు కావలసిన ప్లానులకూ సిద్ధాంతులకూ కొరత ఉండదు.